ఈవుడ్ పార్క్ నుంచి ఆటగాళ్లు ఎందుకు వెళ్లిపోయారు?

చిరంజీవులకు ఆశీస్సులు.

"అంత జీతం ఇస్తుంటే మంచి ఆటగాడు క్లబ్బు వదిలి ఎందుకు పోతాడు తాతయ్యా?" అని మొన్న మీరడిగితే, మ్యాచ్ అయ్యాక చెప్తానని దాటేశాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ అనే పాత నూలుమిల్లుల ఊరుంది. ఉక్కు వ్యాపారంలో గడించిన ఆ ఊరివాడే జాక్ వాకర్, తాను అభిమానించే ఫుట్‌బాల్ క్లబ్బు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొని, పేరున్న మేనేజరును తెచ్చి, 1995లో ఇంగ్లండు అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ గెలిపించాడు. ఆ క్లబ్బు మైదానమే ఈవుడ్ పార్క్. మరుసటి ఏడాదే ఆ జట్టు ప్రధాన ఆటగాడు అలన్ షియరర్ కోటిన్నర పౌండ్లకు సొంత ఊరి జట్టు న్యూకాజిల్‌కు వెళ్లాడు. కనుక యజమాని మంచివాడైనా ఆటగాళ్లు వెళ్తారు. అయితే సొంత ఊరు పిలిస్తే వెళ్లడం వేరు, ఉన్న ఇంటి దూలం విరుగుతోందని బయటపడటం వేరు.

వాకర్ 2000లో కన్నుమూశాడు. 2010 నవంబరులో క్లబ్బును పుణెకు చెందిన వెంకీస్ సంస్థ కొన్నది. ఈ కోళ్ల వ్యాపారానికి పునాది వేసిన బి.వి.రావు గారు మన హైదరాబాదువారే. పత్రికల్లో రోజూ గుడ్ల ధర ప్రకటించే నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) వెనకా ఆయనే ఉండేవారు. కోళ్ల పరిశ్రమలో ఆయన తెలివిని కాదనేవారు లేరు. కాని కోళ్లఫారం నడిపినంత నేర్పు ఫుట్‌బాల్ క్లబ్బుకూ దానంతటదే రాదు.

కొన్న నెల తిరగకుండానే, జట్టు పట్టికలో 13వ స్థానంలో నిలకడగా ఉన్నా, అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేసి, అంతవరకూ ఎక్కడా పూర్తిస్థాయి మేనేజరుగా చేయని స్టీవ్ కీన్‌కు బాధ్యత అప్పగించారు. ప్రఖ్యాత ఆటగాడు రొనాల్డీనోను తెస్తామన్న మాట పత్రికలకెక్కింది. ఆయన బ్రెజిల్‌లోని ఫ్లమెంగోకు వెళ్లిపోయాడు. ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూములో కూర్చుని కోడికాళ్లు కొరుకుతున్న వెంకీస్ ప్రకటన మాత్రం వచ్చింది. నవ్వకండి, అందులో కూర్చున్నవాళ్ల స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి.

ఫుట్‌బాల్ ఆటగాడికి ఒంట్లో సత్తువ ఉండేది పది పన్నెండేళ్లు. అందులో రెండేళ్లు వృథా అయితే తిరిగి రావు. అందువల్ల వాడు జీతం ఒక్కటే చూడడు. వచ్చే ఏడాది పక్కన ఎవరు ఆడతారు, మేనేజరు నిలుస్తాడా, అసలు నిర్ణయాలు ఎవరి చేతిలో ఉన్నాయి అని కూడా చూస్తాడు. యజమానులు వేల మైళ్ల దూరాన ఉండి, మైదానానికి రావడమే అరుదైతే, ఆ ప్రశ్నలకు జవాబిచ్చేవారుండరు. 2011 వేసవిలో 19 ఏళ్ల ఫిల్ జోన్స్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. మరుసటి ఫిబ్రవరిలో, నన్ను వదిలేయండని బాహాటంగా కోరిన డిఫెండర్ క్రిస్ సాంబా రష్యాకు చేరాడు.

2012 మే 7న సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో విగాన్‌తో ఆట. మధ్యలో ఎవరో అభిమాని జట్టు జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలాడు. ఆటగాళ్ల కాళ్ల మధ్య అది తిరుగుతుంటే స్టేడియం సగం నవ్వింది, సగం కుమిలింది. రోవర్స్ 0-1తో ఓడి, 11 ఏళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్ నుంచి కింది లీగుకు జారిపోయింది. ఆ వేసవిలోనే హాయిలెట్, యాకుబు, ఎన్‌జోంజి ఒకరి వెనక ఒకరు సెలవు తీసుకున్నారు. తర్వాతి సీజన్‌లో కీన్ వెళ్లాక వచ్చిన హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు మేనేజర్లుగా ఉన్నారు. మన ఊళ్లో పెళ్లి పందిరి వేసేవాడికైనా అంతకంటే ఎక్కువ గడువిస్తాం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వెంకీస్ వారు డబ్బుకు వెనకాడలేదు, నష్టాలను ఏటా పూడ్చారు. అయితే ఇటీవల భారతదేశం నుంచి డబ్బు పంపాలంటే కోర్టు అనుమతి కావలసి వచ్చింది. ఆ ఇబ్బంది నడుమనే, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన 19 ఏళ్ల ఆడం వార్టన్‌ను 2024 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మారు. ఆ వేసవికే ఆ పిల్లవాడు ఇంగ్లండు జట్టుతో యూరప్ దేశాల యూరో పోటీలకు వెళ్లాడు. ఆ సీజన్‌లో 27 లీగ్ గోల్స్ కొట్టి, చివరి రోజు లెస్టర్‌పై రెండు గోల్స్‌తో జట్టును నిలబెట్టిన స్మాడిక్స్ కూడా ఆగస్టులో ఇప్స్‌విచ్ దారి పట్టాడు.

2025 ఫిబ్రవరిలో మేనేజర్ జాన్ యూస్టేస్, అయిదో స్థానంలో ఉన్న రోవర్స్‌ను వదిలి, అదే లీగులో జారిపోయే ప్రమాదంలో ఉన్న డెర్బీకి వెళ్లాడు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు తనంతట తానే దిగాడన్నమాట. ఆ వార్త చదివాక మీ ప్రశ్నను నాకు మళ్లీ రాసి పంపండి.

మీ తాతయ్య