వెన్ను మీద గడ్డతో పుట్టిన బిడ్డకు స్టెమ్ సెల్స్: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో పిల్లల సర్జన్‌గా పనిచేస్తున్నాను. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి, పైన పొదిలి నుంచి కూడా పుట్టుకతో లోపాలున్న పసిబిడ్డలను మా దగ్గరికి తెస్తుంటారు. ఈమధ్య చాలామంది ఆపరేషన్ సంగతి కంటే ముందు మూలకణాల గురించి, అదే వేరే రకం కణాలుగా మారగల స్టెమ్ సెల్స్ గురించి, అడుగుతున్నారు. ఫోన్లో వీడియోలు చూసి వస్తున్నారు. అడగడం మంచిదే. కానీ ఆ వీడియోల్లో అసలైన పరిశోధన, వ్యాపారం రెండూ కలిసిపోయాయి. ఏది ఏదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: "స్టెమ్ సెల్స్ సూది వేయిస్తే బిడ్డకు కాళ్లు వస్తాయంట కదా సార్?"

వాస్తవం: అలా నయం చేస్తుందని రుజువైన సూది ఏదీ లేదు. జరుగుతున్న పరిశోధన వేరు, అది చాలా గొప్పది కూడా. ముందు జబ్బు సంగతి చెప్పాలి. గర్భం నిలిచిన 28 రోజుల్లోపు బిడ్డ వెన్నులోని నరాల గొట్టం మూసుకోవాలి. మూసుకోకపోతే స్పైనా బిఫిడా, అంటే వెన్ను మీద గడ్డలా కనిపించే ఈ లోపం, వస్తుంది. అది మొదటి దెబ్బ. తెరిచి ఉన్న వెన్నుపాము నెలల తరబడి ఉమ్మనీటిలో ఉండి ఇంకా పాడవుతుంది. అది రెండో దెబ్బ. ఈ రెండోదాన్ని తగ్గించడానికే అమెరికాలో బిడ్డ తల్లి కడుపులో ఉండగానే ఆపరేషన్ చేసి చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. పుట్టాక ఆపరేషన్ అయిన పిల్లల్లో రెండున్నరేళ్లకు 21 శాతం మంది ఆసరా లేకుండా నడిచారు, కడుపులోనే ఆపరేషన్ అయినవాళ్లలో 42 శాతం మంది నడిచారు. రెట్టింపు, నిజమే. కానీ సగానికి పైగా పిల్లలు ఇంకా మిగిలిపోయారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో సర్జన్ డయానా ఫార్మర్, శాస్త్రవేత్త ఐజున్ వాంగ్ బృందం పనిచేస్తున్నది ఆ మిగిలిన పిల్లల కోసమే. ఎవరో తల్లులు కాన్పయ్యాక దానం చేసిన మాయ నుంచి మూలకణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, ఒక పలచటి పొరకు పట్టిస్తారు. కడుపులోని బిడ్డకు ఆపరేషన్ చేసేటప్పుడు ఆ పొరను వెన్నుపాము మీద పరిచి, పైన మూసేస్తారు. ఆ కణాలు కొత్త నరాలుగా మారవు. బతికున్న నరాలను కాపాడే పదార్థాలను వదిలి, కొన్నాళ్లకు అవే పోతాయి. పోయిన నరాన్ని తిరిగి తెచ్చే మందు కాదిది, ఉన్నది పోకుండా ఆపే ప్రయత్నం. ముందు గొర్రెల్లో పరీక్షించారు. 2021లో ఈ చికిత్స అందుకున్న మొదటి బిడ్డ పుట్టింది. మొదటి దశలో ఆరుగురే, అది కూడా ప్రధానంగా ప్రమాదం ఏమైనా ఉందా అని చూడటానికి. పిల్లలకు ఆరేళ్లు వచ్చేదాకా గమనిస్తారు. ఇంత ఓపికగా పనిచేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా ఆశ కలుగుతుంది. వాళ్ల పేరు చెప్పి ఇక్కడ ఎవరో సూది అమ్మితే అంతే కోపం వస్తుంది.

అపోహ: "అది పరిశోధనలో ఉంది కాబట్టే ఖర్చు ఎక్కువ. లక్షలు కడితే మన బిడ్డను చేర్చుకుంటారు."

వాస్తవం: సరిగ్గా తిరగబడిన మాట ఇది. మన దేశంలో ట్రయల్‌లో, అంటే కొత్త చికిత్సను మనుషుల మీద పరీక్షించే పరిశోధనలో, చేరినవాళ్ల దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మిగతా స్టెమ్ సెల్ చికిత్సలను ట్రయల్‌లో తప్ప బయట చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబర్ ఉండాలి. ఆ నంబర్ అడగండి. నిమ్మతోట తాకట్టు పెట్టడానికి సిద్ధమై వచ్చిన తండ్రులకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: "బొడ్డుతాడు రక్తం బ్యాంకులో దాచిపెడితే బిడ్డకు ఏ జబ్బొచ్చినా ఢోకా లేదు."

వాస్తవం: కాన్పుకు ముందు టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకు అమ్మే మాట ఇది. అలా దాచిన రక్తం ఆ బిడ్డకే అవసరపడే అవకాశం 0.04 శాతం నుంచి 0.0005 శాతం మధ్య ఉంటుందని భారతీయ శిశువైద్యుల అకాడమీ 2018లో చెప్పింది. పైగా తలసేమియా లాంటి జన్యులోపం ఉంటే అదే లోపం ఆ దాచిన రక్తంలోనూ ఉంటుంది. అప్పుడు కావలసింది మ్యాచ్ అయిన తోబుట్టువు కణాలు. ఇంట్లో ఇప్పటికే అలాంటి జబ్బున్న బిడ్డ ఉంటే మాత్రం లెక్క వేరు, డాక్టరుతో మాట్లాడండి. మిగతావాళ్లకు నా సలహా: బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కత్తిరించమని అడగండి. ఆ రక్తం బిడ్డకే పోతుంది, రక్తహీనత తగ్గుతుంది.

అపోహ: "కొత్త చికిత్స వచ్చేదాకా ఆపరేషన్ ఆపుదాం."

వాస్తవం: దీనివల్లే ఎక్కువ నష్టపోతున్నాం. గడ్డ తెరుచుకుని ఉంటే పుట్టిన రెండు మూడు రోజుల్లోనే మూయాలి, లేదంటే ఇన్ఫెక్షన్ మెదడుకు ఎక్కుతుంది. పసరు, పసుపు, విభూతి ఏదీ పెట్టొద్దు. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, బిడ్డను బోర్లా గానీ పక్కకు గానీ పడుకోబెట్టి తీసుకురండి. ఆపరేషన్ తర్వాత తలలో నీరు చేరుతోందా, మూత్రం సరిగా పోతోందా అని ఏళ్ల తరబడి చూపించుకోవాలి. దానికి జిల్లాలో పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం కింద ఉచితంగా పరీక్షలు, రెఫరల్ ఉన్నాయి. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ బృందానికి బిడ్డను చూపించండి.

అపోహ: "కోడలు గ్రహణం నాడు బయటికొచ్చింది, అందుకే ఇలా అయింది."

వాస్తవం: కాదు. గ్రహణానికీ, ఆ తల్లికీ ఏ సంబంధమూ లేదు. నింద మోసే ఆ అమ్మాయికి అప్పుడే కాన్పు అయి ఉంటుంది, దయచేసి ఆ మాట అనకండి. మేనరికం వల్ల కొన్ని జన్యులోపాల అవకాశం పెరుగుతుంది, అది నిజం. వెన్ను లోపాల విషయంలో మాత్రం మన చేతిలో ఉన్నది ఫోలిక్ యాసిడ్ మాత్ర. ఒకసారి ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు ఈ మాత్ర వేసుకుంటే మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. కానీ నెల తప్పిందని తెలిసేసరికి ఆ 28 రోజులు దాదాపు అయిపోతాయి. అందుకే గర్భం కోసం ప్రయత్నించే నెల కంటే ముందే మొదలుపెట్టాలి. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు. ముందు బిడ్డకు వెన్ను లోపం ఉంటే దానికి పది రెట్లు, డాక్టరు రాసిచ్చినట్టు వాడాలి. 18, 20 వారాల మధ్య, కడుపులో బిడ్డకు లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ మానొద్దు.