షబ్బాత్ రోజు అంబులెన్స్‌కు ఫోన్ చేయకూడదా?

శుక్రవారం పొద్దుగూకాక, అంటే యూదుల విశ్రాంతి దినం షబ్బాత్ మొదలయ్యాక, నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. "అక్కా, సవ్తాకు (అవ్వకు) ఆయాసంగా ఉంది. షబ్బాత్ మొదలైంది. ఫోన్ ముట్టుకుంటే ఇంట్లోవాళ్లు ఏమంటారో!" జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్ పనికి కొత్తగా వచ్చిన పిల్లలు వీళ్లు. ఊళ్లో అప్పు, రాని భాష, వీసా టెన్షన్... వాళ్ల భయం నాకు తెలుసు.

అపోహ: షబ్బాత్ నాడు ప్రాణం మీదికి వచ్చినా ఫోన్, కారు ముట్టుకోకూడదు.

వాస్తవం: పూర్తిగా తప్పు. ప్రాణానికి ముప్పు ఉందన్న అనుమానం చాలు, షబ్బాత్ పక్కకు తప్పుకుంటుంది. దీన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు. విగ్రహారాధన, హత్య, వావివరుసలు తప్పడం లాంటి మహాపాపాలు తప్ప మిగతా ఆజ్ఞలన్నీ ప్రాణం తర్వాతే. ఆజ్ఞలు వాటివల్ల బతకడానికేనని, యూదుల పవిత్ర గ్రంథం తోరాలోని మాటకు మతపండితుల చర్చల గ్రంథం తాల్ముద్ అర్థం చెప్పింది. అసలు యూదుల ధర్మశాస్త్రాన్ని పిలిచే హలాఖా అన్న మాటకు మూలం 'నడవడం'. మన 'నడవడి' లాంటి మాట.

నేను నిష్ఠగల యూదులు ఎక్కువగా ఉండే బ్నేయి బ్రాక్ ఊళ్లో పనికి చేరిన రెండో ఏడు. శుక్రవారం రాత్రి సాబా (తాత) ఛాతీ పట్టుకుని చెమటలతో తడిసిపోయాడు. నేను అనుమతి అడగడానికి పై అంతస్తులో ఉన్న ఆయన కొడుకు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఒక్క దూకున కిందికి వచ్చి, సొరుగులోంచి ఫోన్ తీసి, తన చేత్తోనే అంబులెన్స్ నంబరు 101 నొక్కాడు. నా చేతికి ఇవ్వలేదు. సాబా గండం గడిచాక నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "ఇంకోసారి అడగడానికి రాకు. ముందు ఫోన్ చెయ్యి." 1565లో వెనిస్‌లో అచ్చయిన యోసేఫ్ కారో రాసిన యూదు ధర్మశాస్త్ర గ్రంథం షుల్ఖాన్ ఆరుఖ్‌లోనే ఉందట: ఇలాంటప్పుడు త్వరపడేవాడు మెచ్చుకోదగినవాడు, అడుగుతూ కూర్చునేవాడు రక్తం చిందించినవాడు. పక్కన అన్యమతస్థులున్నా యూదులే ముందుకు రావాలని కూడా అందులోనే ఉంది. ఆయన ఫోన్ నాకెందుకు ఇవ్వలేదో అప్పుడు అర్థమైంది.

ఇంకొన్ని గబగబా. షబ్బాత్ నియమాలు యూదులం కాని మనకు వర్తించవు, కానీ ఆ ఇంటి మర్యాద పాటించాలి. స్విచ్ వెయ్యమని సవ్తా సూటిగా అడగదు, "గది చీకటిగా ఉంది" అంటుంది. అర్థం చేసుకోండి. కోషెర్ అంటే యూదుల ధర్మం ప్రకారం తినదగిన తిండి, రబ్బీ (మతగురువు) మంత్రించినది కాదు. ఏ జంతువు, ఎలా కోశారు, పాలూ మాంసమూ కలిశాయా అన్నదే లెక్క. తోరాలోని 'కంటికి కన్ను' అంటే కన్ను పీకడం కాదు, నష్టపరిహారమని రబ్బీలు ఎప్పుడో తేల్చారు.

యూదుల పాపపరిహార దినం యోమ్ కిప్పూర్ మాత్రం జాగ్రత్త. దాదాపు 25 గంటల ఉపవాసం. డాక్టరు వద్దన్నా ముసలివాళ్లు మొండికేస్తారు. మీరు వాదించకండి. పండగకు ముందే ఇంట్లోవాళ్లతో చెప్పి రబ్బీ చేత మాట్లాడించండి. ఆరోజు తాగడమే నీకు ధర్మం అని ఆయన అన్నాకే మా సవ్తా గ్లాసు అందుకుంది.