దయ్యానికి భయపడి మేలుకుని కూర్చుంటున్నారా?

"డాక్టర్ గారూ, మీరు నమ్మరు గానీ..." అనే మాట మా నిద్ర క్లినిక్‌లో వారానికి ఒక్కసారైనా వినిపిస్తుంది. ఆ తర్వాత ఏం చెప్తారో నాకు తెలుసు. అయినా మధ్యలో అందుకోను. చాలామంది ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి. గది గదిలాగే ఉంది. కానీ వేలు కదలదు, గొంతు పెగలదు. తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. మెల్లగా దగ్గరికొచ్చి గుండెల మీద కూర్చున్నారు.

ఆమధ్య వచ్చిన అమ్మాయి కూడా ఇదే చెప్పింది. రెండు నెలలుగా రాత్రిళ్లు లైటు ఆర్పడం లేదట. మూడింటి దాకా ఫోన్ చూస్తూ కూర్చుని, ఇక కళ్లు నిలవక నాలుగింటికి వాలిపోతోంది. "పడుకుంటే వస్తుంది కదండీ, అందుకే వీలైనంతసేపు మేలుకుంటున్నాను" అంది. మొదట్లో నెలకోసారి వచ్చేది ఇప్పుడు వారంలో మూడుసార్లు వస్తోంది. దాని బలం పెరుగుతోందనడానికి ఇదే రుజువని ఇంట్లోవాళ్లు తేల్చేశారు.

మనుషుల్ని అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీస్తున్న అపోహ ఇదే. ఇవాళ దీని గురించే రాయాలని కూర్చున్నాను. మిగతావి చివర్లో చకచకా చెప్పేస్తాను.

అపోహ: పడుకుంటే వచ్చి మీద కూర్చుంటుంది, మేలుకుంటే రాదు.

వాస్తవం: దాన్ని రప్పిస్తున్నదే మీ మేలుకోవడం.

మనకు కలలు ఎక్కువగా వచ్చేది రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కళ్లు చకచకా కదిలే నిద్ర దశలో. ఆ సమయంలో మెదడు కింది భాగం నుంచి వచ్చే సంకేతాలు ఒంట్లోని కండరాలను దాదాపు పూర్తిగా నిలిపేస్తాయి. కలలో పరుగెత్తినా మంచం మీద కాళ్లు పరుగెత్తవు. ఇది మనకు రక్షణ. మినహాయింపు ముఖ్యంగా రెండింటికి: కళ్లను తిప్పే కండరాలు, ఊపిరి నడిపే డయాఫ్రమ్. మామూలుగా మెలకువ, కండరాల పట్టు రెండూ కలిసే తిరిగొస్తాయి. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, పట్టు వెనకబడుతుంది. అదే స్లీప్ పారాలసిస్. కల ఇంకా తెగలేదు, కళ్లేమో తెరిచి ఉన్నాయి. అందుకే ఆ కల మీ సొంత గదిలోనే, మీ తలుపు దగ్గరే నడుస్తుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి చేస్తున్న పని చూడండి. రోజూ నిద్ర చంపుకుంటోంది. నిద్ర బాకీ పడ్డ మెదడు, అవకాశం చిక్కగానే రెమ్‌లోకి తొందరగా దూకుతుంది, అందులో తరచుగా చెదురుతుంది. పైగా అలసిపోయి వెల్లకిలా పడిపోతోంది. స్లీప్ పారాలసిస్ వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువగా వస్తుంది. తెల్లవారేవరకూ లైటు, మనసు నిండా భయం, చెదిరిన నిద్ర. దయ్యం రావడానికి కావలసినవన్నీ ఆమే సమకూరుస్తోంది, అదీ దయ్యం రాకూడదనే. ఈ మాట చెప్తే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండు నెలల శ్రమ మరి.

పగటిపూట కూడా బాగా తూగుతోందని చెప్పడంతో ఒక రాత్రి ల్యాబ్‌లో పడుకోబెట్టాం. ఎపిసోడ్ సరిగ్గా ల్యాబ్‌లోనే రావడం అరుదు. ఆ రాత్రి వచ్చింది. ఐదుకు పది నిమిషాలుందనగా, మెదడు తరంగాలను గీసే ఈఈజీలో మెలకువ తరంగాలు మొదలయ్యాయి. కండరాల బిగువు చూపించడానికి గడ్డం కింద అతికించిన ఎలక్ట్రోడ్ గీత మాత్రం గీసి పెట్టినట్టు చదునుగా ఉంది. వీడియోలో ఆమె కళ్లు తెరిచి తలుపు వైపే చూస్తోంది. గుండె వేగం పెరిగింది. పొట్ట చుట్టూ కట్టిన బెల్టు ఊపిరికి తగ్గట్టు లేచి పడుతూనే ఉంది. డెబ్బై సెకన్ల తర్వాత గడ్డం గీత ఒక్కసారిగా ముళ్లకంపలా లేచింది, ఆమె లేచి కూర్చుంది.

పొద్దున అడిగితే "అరగంట పట్టిందండీ. ఊపిరి ఆగిపోయింది, చచ్చిపోయాననుకున్నాను" అంది. పక్కన కూర్చోబెట్టుకుని ఆ డెబ్బై సెకన్లు చూపించాను. రక్తంలో ఆక్సిజన్ చూపే గీత 97 శాతం దగ్గర కదలకుండా ఉంది. ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. మందుల కంటే ఆ అంకె ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

ఊపిరి ఆగనప్పుడు ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు ఎందుకుంటుంది? రెమ్‌లో పక్కటెముకల మధ్య కండరాలు కూడా సడలిపోతాయి. డయాఫ్రమ్ ఒక్కటే ఊపిరి లాగుతుంటుంది. నిద్రలో ఉన్న ఒంటికి అది చాలు. కానీ మెలకువ వచ్చి, భయపడి, గుండెనిండా గాలి పీల్చబోతారు. ఛాతీ మాట వినదు. తన ఛాతీ తాను ఎత్తలేకపోయేసరికి, మీద ఏదో బరువుందని మెదడు అర్థం చెప్పుకుంటుంది. బరువుంటే కూర్చున్నవాళ్లు ఉండాలి కదా. గింజుకున్నకొద్దీ బరువు పెరిగినట్టుండేది కూడా ఇందుకే.

"మరి అందరికీ ఒకేలా కనిపిస్తుందేం? ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదే?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. 1664లో వాన్ డీమర్‌బ్రూక్ అనే డచ్ వైద్యుడు యాభై ఏళ్ల స్త్రీ గురించి రాసిపెట్టాడు. రాత్రి నిద్రలోకి జారుతున్నప్పుడు ఒకసారి సైతాను, ఒకసారి పెద్ద కుక్క, ఒకసారి దొంగ తన మీద పడి అదిమేస్తున్నట్టు ఆమెకు ఉండేది. జపాన్‌లో దీన్ని కనాషిబారి అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె అంటారు. అక్కడి అనుభవాలను సేకరించి 1982లో పుస్తకం తెచ్చిన డేవిడ్ హఫర్డ్‌కు చదువుకునే రోజుల్లో తనకే ఇది వచ్చింది. ఒంట్లో జరిగేది ఒకటే కాబట్టి కథ చట్రం ఒకటే. మీదకొచ్చినదానికి ముఖం తొడిగేది మాత్రం మనం విన్న కథలు.

ఆ కథల దగ్గరే నాకు ఓపిక నశిస్తుంది. బాలంద్ జలాల్ అనే పరిశోధకుడు ఈజిప్టు, డెన్మార్క్ ప్రజలను పోల్చి చూశాడు. దీన్ని అదృశ్యశక్తుల పనిగా నమ్మడం ఎక్కువగా ఉన్న ఈజిప్టులో భయమూ ఎక్కువే, కదల్లేకుండా ఉన్నామని చెప్పిన సమయమూ ఎక్కువే. "పేరు పెట్టి పిలిస్తే పలక్కు", "మూడోసారి వస్తే తీసుకుపోతుంది" అని ఫార్వర్డ్ చేసే ప్రతి మెసేజీ ఎవరో ఒకరి రాత్రిని ఇంకాస్త పొడిగిస్తోంది. దయచేసి ఆపండి.

ఇది వంశాన్ని పట్టిన పీడ అనేవాళ్లకు ఒక మాట. తల్లికి, కూతురికి, అక్కకి రావడం నిజమే, నేనూ చూస్తాను. స్లీప్ పారాలసిస్ కుటుంబాల్లో నడిచే గుణం. ఇల్లు మారినా వెంట వస్తోందని చెప్పేదీ ఇదే. మీ నిద్ర మీతోపాటే ఇల్లు మారుతుంది మరి.

ఏం చేయాలి? రోజూ ఒకే వేళకు పడుకోండి, నిద్ర బాకీ తీర్చండి, పక్కకు తిరిగి పడుకోండి. వచ్చినప్పుడు గింజుకోకండి, బలవంతాన గాలి పీల్చబోకండి. కళ్లు మూసుకుని "ఇది స్లీప్ పారాలసిస్, నిమిషంలో పోతుంది" అని మనసులో అనుకుని, ప్రేమగా తలుచుకోగలిగిన ఒక్కదాని మీద ధ్యాస పెట్టండి. కొందరికి కాలి బొటనవేలు కదపడానికి ప్రయత్నిస్తే పట్టు వదులుతుంది. ఆ అమ్మాయికి తర్వాతి పరీక్షల్లో ఏ జబ్బూ తేలలేదు. వేళకు పడుకోవడం మొదలుపెట్టాక మూడు వారాల్లో ఎపిసోడ్లు దాదాపు ఆగిపోయాయి.

అందరి కథా ఇలాగే ముగియదు. పగలు ఆపుకోలేని నిద్ర, పకపకా నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోవడం, వీటితోపాటు రాత్రి దయ్యం ఉంటే అది నార్కొలెప్సీ కావచ్చు, అంటే నిద్ర, మెలకువల మీద మెదడుకు అదుపు తప్పే జబ్బు. అలాంటి ఒకతను ఆరేళ్లు భూతవైద్యుల చుట్టూ తిరిగాకే మా దగ్గరికి వచ్చాడు. ఆ ఆరేళ్లలో చదువు ఆగిపోయింది, నడుపుతున్న బండి రెండుసార్లు బోల్తా పడింది. గట్టిగా గురక పెట్టేవాళ్లు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) పరీక్ష కూడా చేయించుకోవాలి.

అపోహ: ఇలాంటివి కనిపించాయంటే మతి తప్పినట్టే.

వాస్తవం: కాదు. ఈ భయంతోనే జనం నోరు విప్పరు. 2011లో 36,000 మందికి పైగా వివరాలను కలిపి చూసిన సమీక్షలో, జీవితంలో ఒక్కసారైనా స్లీప్ పారాలసిస్ వచ్చినవాళ్లు 7.6 శాతం. విద్యార్థుల్లో 28 శాతం. నిద్రతో సంబంధం లేని అనుభవాలూ తక్కువేం కాదు. 1894లో ప్రచురించిన సర్వే కోసం బ్రిటన్‌లోని సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ 17,000 మందిని అడిగింది, మెలకువగా ఉండగా అక్కడ లేనివాళ్లు కనిపించారా, వినిపించారా, తాకారా అని. దాదాపు పదోవంతు అవునన్నారు. దయ్యాలు ఉన్నాయా లేవా అని తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. "నేను చూశాను" అన్న మనిషి అబద్ధమాడుతున్నాడని మాత్రం నేను ఎన్నడూ అనుకోను.

పోయిన భర్త వరండాలో దగ్గినట్టు వినిపించిందని చెప్పడానికి ఒక పెద్దావిడ పావుగంట తటపటాయించారు. 1971లో ప్రచురించిన అధ్యయనం కోసం డ్యూయి రీస్ అనే డాక్టర్ వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడితే, దాదాపు సగం మందికి పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టు ఏదో ఒక రకంగా అనిపించింది. చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఎక్కువమందికి అది ఊరటనిచ్చింది కూడా. ఆవిడకు నేను మందు రాయలేదు. ఆయన ఎలా దగ్గేవారో అడిగాను. దగ్గి చూపించారు.

కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లకు గదిలో మనుషులు, పిల్లలు, పక్షులు కనిపిస్తున్నాయంటే అది చావుకు సూచనని గుసగుసలాడకండి. శుక్లాలు ముదిరిన తన తాతకు ఇలా కనిపిస్తున్నాయని స్విస్ శాస్త్రవేత్త ఛార్లెస్ బోనె 1760లోనే రాశాడు. ఆ స్థితికి ఆయన పేరే పెట్టారు. చూపు సన్నగిల్లినప్పుడు మెదడు ఖాళీని బొమ్మలతో నింపుకోవడమే అది. అయితే మతిమరుపు, వణుకు, నిద్రలో చేతులు విసరడం కూడా ఉంటే లెవీ బాడీ డిమెన్షియా అనే మెదడు జబ్బు గురించి ఆలోచించాలి. అందులో కొన్ని మానసిక వ్యాధి మందులు ప్రాణం మీదకు తెస్తాయి. దుకాణంలో అడిగి ఏదో ఒకటి వేసేయకండి.

ఇక మిగిలినవి. ఫొటోల్లో గుండ్రటి తెల్లని చుక్కలు కెమెరా దగ్గరి దుమ్ము మీద పడ్డ ఫ్లాష్ వెలుగు. దయ్యాల మీటరు నిజానికి కొలిచేది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని; అది మోగితే దగ్గర్లో కరెంటు తీగో, కరెంటు పరికరమో ఉండి ఉంటుంది. మీద కూర్చునే దయ్యం తెల్లవారుజామున మూడింటికే ఎందుకొస్తుందంటే రెమ్ నిద్ర తెల్లవారే వైపుకే ఎక్కువగా పేరుకుంటుంది కాబట్టి.

ఒక్కటి మాత్రం దాటేయలేను. ఇంట్లో ఒకరికి మించి అడుగుల చప్పుళ్లు, నీడలు, ఎవరో ఉన్నట్టు అనిపిస్తూ, దాంతోపాటు తలనొప్పి, వికారం, నీరసం ఉండి, బయటికి వెళ్తే తగ్గుతుంటే వెంటనే కిటికీలు తెరిచి అందరూ బయటికి రండి. హీటరు, ఇల్లు వేడిచేసే కొలిమి, జనరేటరు లాంటివి ఉంటే మెకానిక్‌కు చూపించండి. 1921లో విల్మర్ అనే అమెరికన్ కంటి డాక్టరు ప్రచురించిన ఒక కుటుంబం కథ అచ్చం ఇదే. రాత్రిళ్లు అడుగులు, మంచం పక్కన ఆకారాలు, వాడిపోతున్న మొక్కలు. చివరికి తేలింది, పాడైన కొలిమి నుంచి ఇంట్లోకి వస్తున్న కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అని. ఈ దయ్యం నిజంగానే చంపుతుంది.

పక్కన పడుకునేవాళ్లకు కూడా ఒక పని ఉంది. నాకూ ఇది వస్తుంది. హౌస్‌సర్జన్‌గా వరస నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో మొదలైంది. డ్యూటీ గదిలో వెల్లకిలా పడుకున్నాను, కాళ్ల దగ్గర తెల్లకోటు వేసుకున్న ముఖంలేని మనిషి. రెమ్ గురించి పుస్తకంలో చదివి ఉన్నా, ఆ క్షణంలో నాకేదీ గుర్తు రాలేదు. ఇప్పటికీ నిద్ర చాలని వారాల్లో అప్పుడప్పుడూ ఆ తెల్లకోటు వస్తుంది. నా ఊపిరి పొట్టిపొట్టిగా మారడం మా ఆవిడ కనిపెట్టేస్తుంది. భుజం మీద చెయ్యి వేసి పేరు పెట్టి పిలుస్తుంది. చెయ్యి తగలగానే ఒళ్లు నాదవుతుంది. టైమెంతైందని అడిగి, పక్కకు తిరిగి పడుకుంటాను.