అపోహలు - వాస్తవాలు: "ముందు రికార్డ్ చేసేద్దాం, మిక్సింగ్‌లో చూసుకుందాం"

మిక్సింగ్‌కి (విడివిడిగా రికార్డ్ చేసిన గొంతునీ వాయిద్యాలనీ తూచి కలిపే పనికి) నాకు పాట పంపేవాళ్లలో చాలామంది ఫైళ్లతో పాటు ఓ ఉదాహరణ కూడా పంపుతారు. "బీటిల్స్ నాలుగు ట్రాకుల్లోనే చేశారు కదండీ." "మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ మొదట బాగా రాలేదట, క్విన్సీ జోన్స్ మళ్లీ మిక్స్ చేయిస్తే అంత హిట్టయిందట." "బిల్లీ ఐలిష్ బెడ్‌రూమ్‌లో పాడి గ్రామీ కొట్టింది." మూడూ జరిగినవే. కానీ మూడింటి నుంచీ వీళ్లు లాగే అర్థం ఒక్కటే: రికార్డింగ్ ఎలా ఉన్నా పర్లేదు, తర్వాత ఇంజనీర్ సెట్ చేసేస్తాడు అని. ఈ ఒక్క నమ్మకం వల్ల జనం పోగొట్టుకునే డబ్బు, పడే టెన్షన్ చూసి చూసి ఇది రాస్తున్నాను. మిగతా అపోహలు చివర్లో గబగబా చెప్తాను, దీని గురించి మాత్రం కాస్త ఎక్కువే మాట్లాడాలి.

అపోహ: మిక్సింగ్‌లో అన్నీ సరిచేసుకోవచ్చు.

థ్రిల్లర్‌తోనే మొదలుపెడదాం. 1982లో లాస్ ఏంజిలిస్ వెస్ట్‌లేక్ స్టూడియోలో తయారైన ఆల్బమ్, ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్, ఇంజనీర్ బ్రూస్ స్వీడియన్. అంతా అయిపోయిందనుకుని విని చూసుకుంటే బాగాలేదు, మళ్లీ మిక్స్ చేశారు, అంతవరకు కరెక్టే. ఎందుకు బాగాలేదో మాత్రం ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఉండదు. ఎల్‌పీ రికార్డుకి ఒక్కో వైపు నిడివి పెరిగేకొద్దీ గాడులు దగ్గరదగ్గరగా కోయాలి, అలా కోయాలంటే వాల్యూమ్ తగ్గించాలి, బేస్ తగ్గించాలి. ఆ ఆల్బమ్‌కి రెండు వైపులా పాటలు మరీ పొడుగైపోయాయి. అందుకని పాటలు కుదించి, ఒక్కోదాన్నీ మళ్లీ మిక్స్ చేసుకుంటూ వచ్చారు. అంటే అక్కడ సరిచేసింది నిడివినీ బ్యాలెన్స్‌నీ. చెడ్డ రికార్డింగ్‌ని ఎవరూ బాగుచేయలేదు, ఎందుకంటే ఆ టేపుల్లో చెడ్డ రికార్డింగ్ అనేదే లేదు.

బిల్లీ జీన్ పాటకి 91 మిక్సులు చేశామని, చివరికి క్విన్సీ అడిగి మరీ ఎంచుకున్నది 2వ మిక్స్ అని స్వీడియనే చెప్పుకున్నాడు. ఇది చెప్పగానే అందరూ 91 అనే అంకె పట్టుకుంటారు, "చూశారా ఎంత పని చేస్తారో" అని. నేను పట్టుకునేది 2ని. రెండోసారికే పాట నిలబడిందంటే రికార్డ్ చేసేటప్పుడే దాదాపు అంతా అయిపోయిందన్నమాట. ఆ డ్రమ్స్ కోసం స్వీడియన్ ప్రత్యేకంగా వేదిక కట్టించాడు, కిక్ డ్రమ్‌కి ఓ కవర్ కుట్టించాడు, స్నేర్ డ్రమ్ శబ్దం హై-హ్యాట్ తాళాల మైక్‌లోకి పోకుండా మధ్యలో చెక్క పెట్టించాడు. మైకేల్ జాక్సన్ చేత కొన్ని కోరస్ ముక్కలు అట్టగొట్టంలోంచి పాడించాడు. ఈ పనులన్నీ మైక్ ముందు జరిగినవి. ఇవాళ ఏ ప్లగిన్ (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్) కొన్నా ఆ చెక్కముక్క చేసిన పని తర్వాత చేయలేం.

ఇక బీటిల్స్ నాలుగు ట్రాకులు, అంటే ఒకే టేపు మీద విడివిడిగా రికార్డ్ చేసుకునే నాలుగు వరసలు. అబ్బే రోడ్‌లో ఈఎంఐ రికార్డు కంపెనీ వాళ్ల స్టూడియో అది, 1931 నుంచి నడుస్తోంది. 1967 నాటి సార్జంట్ పెప్పర్ ఆల్బమ్‌ని స్టూడర్ నాలుగు ట్రాకుల మిషన్లమీద చేశారు, నిజమే. నాలుగు ట్రాకులూ నిండిపోతే ఏం చేసేవాళ్లో కూడా వినండి. ఆ నాలుగింటినీ కలిపి ఇంకో మిషన్‌లో ఒకటో రెండో ట్రాకుల్లోకి దించేవాళ్లు, ఖాళీ అయిన ట్రాకుల్లో కొత్తవి రికార్డ్ చేసేవాళ్లు. అలా దించాక డ్రమ్స్ పెంచాలన్నా గిటార్ తగ్గించాలన్నా కుదరదు, అన్నీ అతుక్కుపోయాయి కాబట్టి. అంటే ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ ప్రతి దశలోనూ "ఇదే ఫైనల్" అని తేల్చుకుని ముందుకెళ్లారు. "తర్వాత చూసుకుందాం" అనే సౌకర్యమే వాళ్లకి లేదు. ఎమెరిక్ 1966లో బీటిల్స్‌కి ఇంజనీర్ అయ్యేసరికి వయసు 20 ఏళ్లు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కిక్ డ్రమ్‌లో ఉన్ని స్వెటర్ కుక్కి, కంపెనీ నిబంధనలు ఒప్పుకోనంత దగ్గరగా మైక్ పెట్టాడు. డ్రమ్ శబ్దం మారింది అక్కడే. నాలుగు ట్రాకుల కథని "తక్కువ సామానుతో కూడా అవుతుంది" అనడానికి వాడుకునేవాళ్లు దాన్ని తలకిందులుగా చదువుతున్నారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1977లో బెర్లిన్ హాన్సా స్టూడియోలో డేవిడ్ బోవీ "హీరోస్" పాడినప్పుడు ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటి ఆ పెద్ద హాల్లో మూడు మైకులు పెట్టాడు: ఒకటి నోటి దగ్గర, ఒకటి సుమారు 20 అడుగుల దూరంలో, ఒకటి 50 అడుగుల దూరంలో. దూరపు రెండు మైకులకీ గేట్లు (మైక్ శబ్దాన్ని ఆపి వదిలే పరికరాలు) పెట్టాడు, గొంతు ఓ స్థాయి దాటితేనే తెరుచుకునేలా. మెల్లగా పాడితే పక్కనే ఉన్నట్టుంటుంది, అరిచేకొద్దీ హాలంతా తెరుచుకుంటుంది. "ఆ పాటలో రివర్బ్ (హాల్లో పాడినట్టుండే ప్రతిధ్వని) లాంటిది నా పాటకి వేయండి" అని అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇదే: ఆ రివర్బ్‌ని తెరిచింది పాడినవాడి గొంతు. మీ గొంతు మొదట్నుంచి చివరిదాకా ఒకే వాల్యూమ్‌లో ఉంటే నేను ఏం తెరవను?

కరీంనగర్ వైపు నుంచి ఓ తమ్ముడు జానపదం చేశాడు. పాట బాగుంది, గొంతు ఇంకా బాగుంది. గొంతు రికార్డ్ చేసింది మాత్రం టైల్స్ వేసిన గదిలో, పైన ఫ్యాన్ తిరుగుతుండగా, కిటికీ తీసి. "అన్నా, ఎట్లనో మిక్సింగ్‌ల సెట్ చెయ్యవా" అన్నాడు. మళ్లీ పాడు, ఒక్క పూట పని అన్నాను. అప్పుడు చెప్పాడు, వీడియో షూటింగ్ అయిపోయిందని. డ్రోన్, కాస్ట్యూమ్స్, డాన్సర్లు, అప్పు చేసి మరీ. పెదాల కదలికంతా ఆ పాత గొంతుకే. మళ్లీ పాడితే లిప్ కలవదు, పాడకపోతే గదిలో గంట మోగినట్టుండే ఆ శబ్దం పోదు. చివరికి పాత టేక్ హెడ్‌ఫోన్‌లో వింటూ ముక్కముక్కగా, శ్వాసతో సహా దానిమీదే మళ్లీ పాడించాం. ఎలాగో కుదిరింది, కానీ షూటింగ్‌కి ముందు ఓ సాయంత్రం పెట్టుంటే వాడికి ఆ ఖర్చూ ఏడుపూ ఉండేవి కాదు. ఎక్కువమంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. రఫ్ గొంతుతో వీడియో షూట్ చేసేసి, ఆడియో చివర్లో చూసుకుందాం అనుకుంటారు.

గొంతులో అతుక్కున్న గది ప్రతిధ్వని, లెవెల్ దాటి చిట్లిన అక్షరం, మెల్లగా పాడిన చోట గొంతుతో సమానంగా వినిపించే ఫ్యాన్: ఈ మూడూ మిక్సింగ్‌లో పూర్తిగా పోవు. ఏఐ టూల్స్ వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, నేనూ వాడతాను, కొంత పని చేస్తాయి. గట్టిగా వాడితే మాత్రం శబ్దంతో పాటు స, శ, ష అక్షరాలని కూడా కొరికేస్తాయి. తెలుగు పాటలో మాట అర్థం కాకపోతే ఇంకేం మిగులుతుంది?

దీనికి తోడు బాత్రూమ్ సలహా ఒకటి తిరుగుతోంది, "పెద్ద పెద్ద రికార్డులన్నీ బాత్రూముల్లో, మెట్ల దగ్గర చేసినవే, అక్కడ నేచురల్ ఎకో వస్తుంది" అని. లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ వాళ్లు ఓ పాటకి హెడ్లీ గ్రాంజ్ అనే పాత భవంతిలో మెట్ల హాల్లో డ్రమ్స్ పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డ్ చేసిన మాట నిజం. ఇంజనీర్ ఆండీ జాన్స్ విని, తూచి, ఆ పాటకి ఆ శబ్దమే కావాలని ఎంచుకున్నాడు. డల్లాస్‌లో ఉండే ఓ అమ్మాయి నాన్నగారి షష్టిపూర్తికి కీర్తనలు పాడి పంపింది, అన్నీ బాత్రూమ్‌లోనే. ఫోన్ చేసి ఆ ఎకో తీయలేనని చెప్తే దాదాపు ఏడ్చినంత పనైంది, ముహూర్తం దగ్గరకొచ్చేసింది. ఏం పర్లేదమ్మా అని చెప్పి, బట్టల బీరువా తలుపులు తీసి దానికి ఎదురుగా నిలబడి, వెనకాల రెండు రగ్గులు వేలాడదీసుకుని మళ్లీ పాడమన్నాను. బాబు పడుకున్నాక రాత్రిళ్లు పాడి పంపింది. అదే మైక్, అదే గొంతు, ఈసారి మిక్సింగ్ హాయిగా సాగింది.

ఇప్పటికే పాడేసి భయపడుతున్నవాళ్లు ఉంటే కంగారు పడకండి. పాటంతా మళ్లీ చేయక్కర్లేదు, ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో చేసిన వాయిద్యాలు) అలాగే ఉంచి లీడ్ గొంతు, అంటే ప్రధాన గాయకుడి గొంతు ఒక్కటే మళ్లీ పాడితే సగం సమస్య తీరిపోతుంది. ఫ్యాన్, ఏసీ ఆపండి. మైక్‌కి జానెడు దూరంలో నిలబడి, మైక్ నోటికి నేరుగా కాకుండా కొంచెం పక్కకి ఉండేలా పాడండి. ఎంత గట్టిగా పాడినా మీటర్ ఎర్రగా మారకూడదు, అన్నిటికంటే గట్టి చోట కూడా మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. రివర్బ్ వేయకుండా 24 బిట్ వేవ్ ఫైల్ పంపండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపొద్దు, డ్రైవ్ లింక్ ఇవ్వండి.

అపోహ: బెడ్‌రూమ్‌లో అయిపోతుంది, ఎవరూ అక్కర్లేదు.

బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్ వాళ్ల ఇంట్లో, అన్న ఫినియస్ పడగ్గదిలోనే చేశారు. కానీ మిక్స్ చేసింది రాబ్ కినెల్‌స్కీ, మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటని విడుదలకి తయారుచేసే చివరి పని) చేసింది జాన్ గ్రీన్‌హమ్. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద ఇంట్లో పాడుకున్న డెమోలే నెబ్రాస్కా ఆల్బమ్ అయ్యాయి, అయితే ఆ క్యాసెట్‌ని ఎల్‌పీగా కోయడానికి మాస్టరింగ్‌లో నానా అవస్థ పడ్డారు. ఇల్లు స్టూడియో అవ్వొచ్చు, మోటౌన్ రికార్డు కంపెనీ మొదలైంది కూడా డెట్రాయిట్‌లో ఓ ఇంట్లోనే, 1959లో. కానీ ఆ ఇంట్లో జేమ్స్ జేమర్సన్ లాంటి బేస్ ప్లేయర్, జాజ్ క్లబ్బుల్లో ఆరితేరిన బ్యాండ్ ఉన్నారు. మన దగ్గర రెహమాన్ 1989లో ఇంటి ఆవరణలో కట్టుకున్న పంచతన్ స్టూడియో గురించి అందరికీ తెలుసు, ఆయన పాటల వెనక ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజనీర్ హెచ్. శ్రీధర్ గారి పేరు చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. నాకు బాధగా ఉండేది ఇక్కడే.

అపోహ: ఖరీదైన మైక్ ఉంటేనే గొంతు బాగుంటుంది.

థ్రిల్లర్‌లో మైకేల్ గొంతుకి వాడింది షూర్ ఎస్ఎం7, ఓ డైనమిక్ మైక్. పెద్ద స్టూడియోల్లోని కండెన్సర్ మైకుల ధరతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. అలాగని ఇప్పుడు దాని తర్వాతి మోడల్ కోసం పరిగెత్తకండి, దానికి గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే శక్తి) చాలా కావాలి, చవక ఇంటర్‌ఫేస్‌కి (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెకి) తగిలిస్తే గొంతుకంటే ముందు బుస్సుమనే శబ్దమే వినిపిస్తుంది.

అపోహ: మాస్టరింగ్‌లో ఎంత సౌండ్ పెంచితే అంత మంచిది.

స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అన్ని పాటల్నీ మైనస్ 14 లఫ్స్ (వినిపించే సౌండ్‌ని కొలిచే లెక్క) దగ్గరికి తెస్తుంది. మీరు నలిపి నలిపి పెంచిందాన్ని అది తగ్గించేస్తుంది, నలిగిన పాట మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: ఆటోట్యూన్ ఉంటే ఎవరైనా పాడొచ్చు.

ఆటోట్యూన్ 1997లో వచ్చింది, తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలో చమురు వెతికే సిగ్నళ్ల మీద పనిచేసినవాడు. అది శ్రుతిని దగ్గర్లోని స్వరానికి లాగుతుంది, అంతే. స్పీడు పెంచి వదిలేస్తే మన గమకాన్ని కూడా తప్పనుకుని మెట్లుమెట్లుగా కోసేస్తుంది. గమకాలున్న పాటైతే ఆటోట్యూన్ వేసిన ఫైల్ పంపొద్దు, మామూలు గొంతు పంపండి, ఎక్కడ కావాలో అక్కడ చేత్తో సరిచేస్తాం.