దరువు చావకుండా మోత పెంచడం

పాటలోని గొంతూ వాద్యాలూ కలిపే మిక్స్ అంతా కుదిరిందనుకున్నాక, బయట వచ్చిన పాట ఒకటి పక్కన పెట్టి వింటే మనది పీలగా వినిపిస్తుంది. ఫేడర్ (మోత పెంచే మీట) పైకి నెడదామంటే మీటరు అప్పటికే ఎర్రబడి ఉంటుంది.

డిజిటల్ ఆడియోలో 0 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ కొలతలో గరిష్ఠ స్థాయి) అనేది దాటరాని గీత. దాటిన తరంగానికి పైభాగం తెగిపోతుంది. ఆ గీతను ముందుగా తాకేది సాధారణంగా స్నేర్ లేదా కిక్ డ్రమ్ దెబ్బే. దాని కొస −1 డీబీ దగ్గరుంటే పాట సగటు −18 దగ్గర ఉండొచ్చు. ఆ కొస నిలిచేది కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే. చెవి అంత తొందరగా మోతను లెక్కకట్టదు, 100-200 మిల్లీసెకన్ల శబ్దాన్ని కలిపి చూసుకుంటుంది. అందుకే శబ్దం గీత దాటకుండా నొక్కిపెట్టే లిమిటర్‌తో కొసల్ని 2-3 డీబీలు తగ్గిస్తే మామూలుగా ఎవరూ పసిగట్టరు. పాటను మాత్రం అంత మేర పెంచుకోవచ్చు.

ఆశ ఎక్కువై 8-10 డీబీలు నొక్కితేనే గొడవ. డ్రమ్ దెబ్బలో పదును పోతుంది, పల్లవి, చరణం ఒకే ఎత్తున నిలబడతాయి, నాలుగు నిమిషాలు వినేసరికి చెవులు అలసిపోతాయి. ఇంత భారం చివర్లో వచ్చే లిమిటర్ నెత్తిన పెట్టడమే అసలు తప్పని నా అభిప్రాయం. గీత కింద చోటు ముందే, మిక్స్‌లోనే సంపాదించాలి.

ఎక్కువ చోటు తినేది బేస్. మన చెవి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య చురుకు, అడుగు స్వరాల దగ్గర మొద్దు. ఫ్లెచర్, మున్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపారు. అంటే బేస్ గట్టిగా వినిపించాలంటే చాలా శక్తి పోయాలి. 30 హెర్ట్జ్ కింద ఉన్నది చాలా స్పీకర్లలో వినపడదు కానీ మీటరులో చోటు ఆక్రమిస్తుంది, అడుగు స్వరాల్ని ఆపే హై-పాస్ ఫిల్టర్‌తో తీసేస్తే పోయేదేమీ ఉండదు. కిక్ పడినప్పుడల్లా బేస్ గిటార్‌ను కాస్త తగ్గేలా పెడితే రెండూ కలిసి గీతను తన్నవు. బేస్‌కి కొంచెం శాచురేషన్ (తరంగం ఆకారాన్ని కాస్త వంచడం) ఇస్తే 50 హెర్ట్జ్ స్వరానికి 100, 150 దగ్గర తోడు స్వరాలు పుడతాయి. ఫోన్ స్పీకర్ 50 పలకలేకపోయినా, వీటిని విని మెదడే ఆ అడుగు స్వరాన్ని ఊహించుకుంటుంది.

నాకు బాగా నచ్చిన పద్ధతి మాత్రం ప్యారలల్ కంప్రెషన్. డ్రమ్స్‌కి ఒక నకలు తీసి, దాన్ని గట్టిగా నొక్కి, అసలు దాని కింద కలుపుతారు. పెద్ద దెబ్బ పడినప్పుడు నకలు అసలు కంటే చాలా కింద ఉంటుంది కాబట్టి దాని ప్రభావం తక్కువ. దెబ్బ అణిగాక మిగిలే సవ్వడిలో రెండూ దాదాపు సమానమై, మోత 6 డీబీల దాకా పెరగొచ్చు. కొసలు దాదాపు అలాగే ఉంటాయి, అడుగున ఉన్నది పైకి లేస్తుంది. మామూలు కంప్రెసర్ (మోతలో ఎత్తుపల్లాలు తగ్గించే సాధనం) వాడినా అటాక్ (నొక్కడానికి అది తీసుకునే సమయం) 20-30 మిల్లీసెకన్లు ఉంచితే దెబ్బ మొదలు తప్పించుకుపోతుంది.

పల్లవి పెద్దగా వినిపించాలంటే దాన్నే పెంచాలని లేదు. దాని ముందున్న చరణాన్ని ఒక డీబీ తగ్గించినా చాలు.

పైగా ఎవరి పాట ఎక్కువ మోతగా ఉంటుందన్న ఈ పోటీకి ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. సగటు మోతను కొలిచే బీఎస్ 1770 ప్రమాణం 2006లో వచ్చింది. స్పాటిఫై, యూట్యూబ్ దాదాపు −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ ప్రమాణంలో సగటు మోతకు కొలత) దగ్గర పాటల్ని సమం చేస్తున్నాయి. −8 దగ్గర పంపిన పాటను 6 డీబీలు తగ్గిస్తారు. లిమిటర్ తినేసిన దెబ్బలు మాత్రం తిరిగిరావు.

ఇంకో చిక్కు: రెండింట్లో మోత ఎక్కువున్నదే మంచిదని మన చెవికి అనిపిస్తుంది. లిమిటర్ 4 డీబీలు పెంచితే, పోల్చేటప్పుడు అవుట్‌పుట్ 4 డీబీలు తగ్గించి వినాలి. స్నేర్ ఇంకా తగులుతోందా, మెత్తబడిందా అన్నది అప్పుడు బయటపడుతుంది.