దారాల మీద నడిచిన సామ్రాజ్యం

1561లో లిమా నగరంలోని స్పానిష్ న్యాయస్థానానికి పెరూ కొండల్లోని హౌహా లోయ నుంచి హువాంకా తెగ పెద్దలు వచ్చారు. 1533 నుంచి స్పానిష్ సైన్యాలకు తామిచ్చిన ప్రతిదానికీ లెక్క చెప్పారు. మొక్కజొన్న, లామాలు, బట్టలు, మూటలు మోయడానికి పంపిన మనుషులు, ఏదీ వదల్లేదు. తాము ఇచ్చింది ఎంతో, సైనికులు దోచుకున్నది ఎంతో విడివిడిగా చెప్పారు. ఆ లెక్కలన్నీ ఉన్నది కాగితాల మీద కాదు, ముడులు వేసిన దారాల్లో. కోర్టు వాటిని విని నమోదు చేసుకుంది.

ఆ దారాల పేరు ఖిపు. స్పానిష్ వాళ్లు రాకముందు పెరూను ఏలిన ఇంకాలు లెక్కలు దాచుకున్నది వీటిలోనే. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు రాళ్ల మీద అక్షరాలు చెక్కారు, సున్నను గుర్తుగా రాశారు. మెక్సికోలోని అజ్టెక్‌లు కప్పాల జాబితాలను బొమ్మలతో గీశారు. ఇంకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'రాత తెలియని వాళ్లు' అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. నాకు ఆ మాట చాలా అన్యాయంగా తోస్తుంది.

ఖిపులో అడ్డంగా ఒక లావుపాటి దారం ఉంటుంది. దానికి పత్తితోనో ఉన్నితోనో పేనిన సన్నని దారాలు వేలాడుతుంటాయి. కొన్నిటికి పది లోపే ఉంటే, కొన్నిటికి వందల్లో ఉంటాయి. ఒక ఊళ్లో 243 కుటుంబాలున్నాయి అనుకుందాం. దారం పైభాగంలో, వందల స్థానంలో రెండు మామూలు ముడులు. కాస్త కిందికి, పదుల స్థానంలో నాలుగు. అన్నిటికన్నా కింద, ఒకట్ల స్థానంలో మూడు చుట్లు తిప్పిన ఒకే పొడుగు ముడి. ఒకట్ల స్థానంలో 1 రావాలంటే ఒక్క చుట్టుతో పొడుగు ముడి పడదు కాబట్టి ఎనిమిది అంకె ఆకారంలో వేరే ముడి వేసేవారు. సున్న అయితే ఆ చోటు ఖాళీ. ఒకట్ల ముడి తీరే వేరు కాబట్టి సంఖ్య ఎక్కడ ముగిసిందో వేలితో తడిమినా తెలుస్తుంది. ఒకే దారం మీద రెండు సంఖ్యలున్నా కలిసిపోవు. ఈ పద్ధతిని 1912లో లేలండ్ లాక్ అనే అమెరికన్ బయటపెట్టాడు. కొన్ని ఖిపుల్లో పైకి కట్టిన దారం మీద ఉన్న సంఖ్య, కింద వేలాడే దారాల మొత్తంతో సరిపోతుందని కూడా చూపించాడు.

ఇంత పకడ్బందీ లెక్క వాళ్లకు ఎందుకు అవసరమైంది? 1438 ప్రాంతంలో పచకుతి గద్దెనెక్కాడు. అక్కడి నుంచి వందేళ్లు కూడా గడవకుండానే ఇంకాల రాజ్యం ఆండీస్ కొండల వెంట సుమారు 4,000 కిలోమీటర్లు పాకింది. ఇనుము లేదు, బండి లేదు, గుర్రం లేదు. లామా మోసేది ముప్పై కిలోల లోపే. అన్నిటికీ మించి, డబ్బు లేదు. జనం పన్ను కట్టేది శ్రమతోనే. రాజ్యం పొలాల్లో పని చేయడం, దారులు వేయడం, బట్టలు నేయడం. అలాంటప్పుడు ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలున్నాయో, ఎవరి వంతు పని పూర్తయిందో తెలియకపోతే రాజ్యం ఒక్క ఏడాది కూడా నిలబడదు. ఖిపులు కట్టి, చదివే అధికారిని ఖిపుకమాయుక్ అనేవారు. మన పల్లెల్లో ఒకప్పుడు కరణం ఉన్నట్టే, అక్కడ ఆయన.

ఆ శ్రమ ఫలం గాదెలకు చేరేది. ఒక్క హువానుకో పంపా అనే ఇంకా పట్టణంలోనే కొండవాలున దాదాపు 500 గాదెలున్నాయి. చల్లగాలి తగిలితే ధాన్యం పాడవదని వాటిని ఎత్తున కట్టారు. బంగాళాదుంపలను రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి చునో చేసేవారు. అది ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. దారిన పోయే సైన్యానికీ, పనికి వచ్చిన కూలీలకూ తిండి ఈ గాదెల నుంచే.

పెరూలోని కన్యెతె లోయలో ఉన్న ఇంకావాసి గిడ్డంగుల తవ్వకంలో దొరికింది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. అక్కడ ఖిపులు సమాధుల్లో కాదు, సరుకుతో పాటే దొరికాయి. కొన్ని వేరుశెనగల కింద, కొన్ని మిరపకాయల కింద, కొన్ని చిక్కుడు గింజల కింద. కొలంబస్ తర్వాతే సముద్రాలు దాటి మన అనంతపురం చేలకూ, గుంటూరు యార్డుకూ చేరిన పంటల్లో రెండు అక్కడ అప్పటికే దారాల్లో లెక్కకెక్కాయి.

1583లో లిమాలో జరిగిన క్రైస్తవ మతసభ ఖిపులను విగ్రహారాధనకు సాధనాలంటూ నాశనం చేయమంది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి వెయ్యికి పైగా మాత్రమే. వాటిలో కొన్నిటి ముడులు ఈ స్థానాల పద్ధతికి లొంగవు. అవి లెక్కలు కాకపోవచ్చు, కథలో పేర్లో కావచ్చునని పరిశోధకులు అనుకుంటున్నారు.

2005లో గ్యారీ అర్టన్, క్యారీ బ్రెజీన్ అనే పరిశోధకులు లిమా దగ్గర పురుచుకోలో దొరికిన ఖిపులను కంప్యూటర్‌లో పోల్చి చూశారు. ఒక ఖిపులోని చిన్న చిన్న సంఖ్యలు కలిసి ఇంకో ఖిపులో మొత్తంగా కనిపించాయి. అంటే కింది అధికారి నుంచి పై అధికారికి వెళ్లిన లెక్కలన్నమాట. పై స్థాయి ఖిపుల మొదట్లో మాత్రం ఏ మొత్తంలోనూ కలవని మూడు ముడులున్నాయి, మూడూ ఎనిమిది ఆకారంలోనే. లెక్క ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే గుర్తు అది, బహుశా పురుచుకో పేరే అని వాళ్ల ప్రతిపాదన.