టొటొనికపాన్ కేసు మూలాలు 1999 మే నెలలో

మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలా పశ్చిమ కొండల్లోని టొటొనికపాన్ పేరు మళ్లీ వార్తల్లోకెక్కింది. 2025 ఏప్రిల్ 23న లూయిస్ పచేకో, ఎక్తోర్ చక్లాన్ అనే ఇద్దరు నాయకులను (మూలవాసులైన మాయ ప్రజల్లో కిచే తెగవారు) అరెస్టు చేసి ఉగ్రవాదం, రాజద్రోహం వంటి అభియోగాలు మోపారు. 2023లో వీరిద్దరూ ‘48 కాంటన్లు’ అనే గ్రామసంఘాల కూటమి పాలకమండలిలో ఉన్నారు. పచేకో దానికి అధ్యక్షుడు. అరెస్టు నాటికి ఆయన ఇంధన, గనుల శాఖలో ఉపమంత్రి కూడా. సొంత ఉపమంత్రిని దేశాధ్యక్షుడు కాపాడుకోలేకపోయాడా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడ ప్రాసిక్యూషన్ వ్యవస్థ ప్రభుత్వం చేతిలో ఉండదు. నేరం రుజువై తుది తీర్పు వస్తే తప్ప అటార్నీ జనరల్‌ను తొలగించే వీలు లేకుండా 2016లో చట్టాన్ని సవరించారు.

స్పానిష్ ఆక్రమణ, కాఫీ తోటల వెట్టిచాకిరి, 36 ఏళ్ల అంతర్యుద్ధం చాలాసార్లు చెప్పుకున్న కథలే. వాటిలో ఒక్క ఉత్తర్వును మాత్రం గుర్తు చేసుకోవాలి. 1876లో నాటి దేశాధ్యక్షుడు హుస్తో రుఫీనో బార్రియోస్ ప్రభుత్వం సాన్ పెద్రో సకతెపెకెజ్ అనే ఊరి మాయ ప్రజలు ఇకపై మాయలు కారని, స్పానిష్ సంస్కృతికి చెందిన ‘లదీనో’లని ప్రకటించింది. వారు అందుకు తగిన దుస్తులు కట్టుకోవాలని షరతు పెట్టింది. సమాన పౌరుడు కావాలంటే ముందు మాయవాడు కాకుండా పోవాలన్న ఆలోచన అంత బాహాటంగా కాగితమెక్కడం అరుదు. ఆ ఆలోచనను రాజ్యాంగం నుంచి తుడిచేసే అవకాశం నూట ఇరవై మూడేళ్ల తర్వాత వచ్చింది. అది చేజారిన తీరులోనే 2025 నాటి కేసు మూలాలు ఉన్నాయి.

1995 మార్చిలో ప్రభుత్వానికీ గెరిల్లాలకూ మధ్య మూలవాసుల గుర్తింపు, హక్కులపై ఒప్పందం కుదిరింది. గ్వాటెమాలా బహుళ జాతుల, బహుళ సంస్కృతుల, బహుభాషల దేశమని రాజ్యాంగంలో రాస్తామన్నది అందులోని హామీ. 1996 డిసెంబరులో యుద్ధం ముగిసింది. 1999 ఫిబ్రవరిలో సత్యశోధన కమిషన్ నివేదిక వచ్చింది. యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారని, పూర్తిగా గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయలేనని, కొన్ని ప్రాంతాల్లో ప్రభుత్వ బలగాలు జాతి నిర్మూలన చర్యలకు పాల్పడ్డాయని అందులో ఉంది. ఇది బయటికొచ్చి మూడు నెలలైనా కాకముందే, మే 16న రాజ్యాంగ సవరణలపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది.

సవరణలు మొదట పన్నెండే అనుకున్నారు. కాంగ్రెస్‌లో (ఆ దేశ చట్టసభలో) బేరసారాల తర్వాత అవి యాభై దాకా పెరిగాయి. వాటన్నిటినీ నాలుగు మూటలుగా కట్టి నాలుగు ప్రశ్నలడిగారు. మాయ భాషల గుర్తింపు కావాలన్నవాడు ఆ మూటలో ఉన్న మిగతావన్నీ ఒప్పుకోవాల్సిందే. ‘వద్దు’ పక్షం మాట చాలా సులువుగా జనంలోకి వెళ్లింది: దేశం ముక్కలవుతుంది, మూలవాసులకు ప్రత్యేక హక్కులిస్తే మిగతావారు రెండో తరగతి పౌరులవుతారు. ఓటర్లలో ఐదో వంతు కూడా పోలింగుకు రాలేదు. మాయలు ఎక్కువగా ఉన్న కొండ ప్రాంతాల్లో ‘సరే’ గెలిచినా, రాజధాని ఓట్లు దాన్ని ముంచేశాయి. నాలుగు ప్రశ్నలకూ ‘వద్దు’ అనే జవాబే వచ్చింది.

కాబట్టి 1985 రాజ్యాంగమే మిగిలింది. అది మూలవాసుల ఆచారాలను, సంఘటిత జీవనరీతులను గౌరవిస్తామంటుంది. వివరాలకు ప్రత్యేక చట్టం తెస్తామని 70వ అధికరణలో చెప్పింది. ఆ చట్టం ఇంతవరకూ రాలేదు. 2002 మునిసిపల్ చట్టం మాత్రం మూలవాసుల పాలక సంస్థలున్న చోట వాటిని గుర్తించాలని ఒక అధికరణలో రాసింది. రాజ్యాంగం తలుపు మూస్తే, మునిసిపల్ చట్టం కిటికీ తెరిచిందన్నమాట.

48 కాంటన్లు నిలబడింది ఆ కిటికీ దగ్గరే. అక్కడ పౌరసత్వమంటే ప్రధానంగా సేవ. ప్రతి ఊరి సభ ఏటా కొందరిని ఎన్నుకుంటుంది. వారు జీతం లేకుండా ఏడాది పాటు నీటి ఊటలు, అడవి, దారులు, తగవులు చూసుకోవాలి. కిచే భాషలో దీన్ని ‘కష్ కోల్’ అంటారు. ఆ సేవ చేసే కుటుంబానికి ఉమ్మడి నీటిలో, అడవిలో వాటా ఉంటుంది. అధికార చిహ్నంగా చేతిలో కర్ర ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అది మరొకరి చేతికి మారుతుంది. ఈ సభల్లో మగవారిదే పైచేయి అన్న విమర్శ ఆ ఊళ్ల స్త్రీల నుంచే వస్తోంది, అది నిజం కూడా. అయినా ప్రాసిక్యూటర్ల అభ్యంతరం దాని గురించి కాదు.

రాజ్యం ఈ వ్యవస్థను ఎలా చూస్తుందో 2012 అక్టోబరు 4న తేలింది. విద్యుత్ ధరలు, ఉపాధ్యాయ శిక్షణ మార్పులు, కొత్త రాజ్యాంగ సవరణల ప్రతిపాదనపై నిరసనగా అలాస్కా అనే స్థానిక కనుమ దగ్గర దారి కట్టేసిన టొటొనికపాన్ జనంపై సైనికులు కాల్పులు జరిపి ఆరుగురిని చంపారు. ఆ తర్వాత మూలవాసుల న్యాయపద్ధతిని గుర్తించే సవరణ కాంగ్రెస్ ముందుకొచ్చినప్పుడు మళ్లీ 1999 నాటి వాదనే లేచింది, ఒకే దేశంలో రెండు చట్టాలా అని. 2017లో మూలవాసుల పెద్దలే ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు.

2023 సెప్టెంబరు చివర్లో ప్రాసిక్యూటర్లు ఎన్నికల ట్రిబ్యునల్ కార్యాలయంలో సోదా చేసి ఫలితాల పత్రాలు పట్టుకుపోయారు. అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన బెర్నార్దో అరేవాలో పదవిలోకి రాకుండా అడ్డుకోవడమే దీని ఉద్దేశమని జనం అనుకున్నారు. అక్టోబరు 2న కాంటన్లు దారులు కట్టేశాయి. అటార్నీ జనరల్ కొన్సుయెలో పోర్రాస్ దిగిపోవాలని రాజధానిలో ఆమె కార్యాలయం ముందు 106 రోజులు కూర్చున్నారు. 2024 జనవరిలో అరేవాలో ప్రమాణం చేశాడు. దారుల దిగ్బంధం వ్యాపారాలను దెబ్బతీసిందని, రాకపోకల హక్కును హరించిందని వ్యాపార సంఘాలు వాదించాయి.

2025 నాటి కేసు ఆ రోజులదే. ప్రాసిక్యూషన్ లెక్కలో పచేకో, చక్లాన్ కుట్రకు నాయకులు. ఊళ్ల లెక్కలో వారు సభలు తీసుకున్న నిర్ణయాన్ని ఆ ఏడాదికి మోసినవారు. ఆందోళన ముగియకముందే, జనవరిలో వారి వంతు అయిపోయి కొత్త మండలి వచ్చింది, అయినా శిబిరం కదల్లేదు. ఇలాంటి పదవి ఒకటుందని, దానికి ఇంత అధికారముందని రాసిన రాజ్యాంగ వాక్యమేదీ ఆ ఇద్దరి న్యాయవాదుల చేతిలో లేదు. 1999లో రాయాలనుకున్నది అదే.